‘గీ సకినాలు ఎవలియి?’ అని అడిగితే జవాబు చెప్పేదెవరు: ఇంటి పిండివంటల బ్రాండుకు సోషల్ మీడియా ప్రచారం

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, ఏ టౌన్‌లో చూసినా ఇంట్లో పిండివంటలు, తొక్కులు చేసి అమ్మేవాళ్లు గల్లీకి ఒకరిద్దరు ఉన్నారు. అందరికీ ఇన్‌స్టా పేజీ ఉంది, వాట్సాప్ నంబరు ఉంది. పండుగ ముందు మంచి పాట పెట్టి ఒక రీలు వదులుతారు. లైకులు వస్తాయి, ఆర్డర్లు రావు. ఎందుకు రావో ఆ రీలు కింద కామెంట్లు చదివితే తెలిసిపోతుంది. ఎవరో ఒకామె ‘గీ సకినాలు ఎవలియి? మంచిగుంటయా?’ అని అడుగుతుంది. దాని కింద పేజీవాళ్లే ‘చాలా బాగుంటాయి మేడమ్, మెసేజ్ చేయండి’ అని రాస్తారు. తన పెరుగు పుల్లనిదని ఎవరు చెప్పుకుంటారు? అదే ప్రశ్నకు ఆమె ఎరిగిన మనిషి వచ్చి ‘పోయిన పండుక్కి మా వదినోళ్లు తెప్పిచ్చిండ్రు, కరకరలాడినయ్, నూనె వాసన లేదు’ అని రాస్తే సగం బేరం కుదిరినట్టే.

సరదా పోస్టులు, ఆటలు, పొడుపు కథలు జనాన్ని ఆ ప్రశ్న దాకా తెస్తాయి. అక్కడ జవాబు చెప్పే మనుషులు ముందే ఉండాలి. చాలామంది ముందు రీళ్ల మీద పైసలు పోసి, చివర్లో ‘రివ్యూ రాయండి ప్లీజ్’ అని బతిమాలతారు. కింద చెప్పిన వరుస దానికి తలకిందులు. ఉదాహరణకు సకినాలనే తీసుకున్నాం. గరిజెలకైనా, మామిడి తొక్కుకైనా, బత్తాయి తోట నుంచి నేరుగా పండ్లు అమ్మేవాళ్లకైనా కొలతలు మారతాయి, పద్ధతి మారదు.

వీటన్నిటికంటే ముందు పొట్లం మీద ఉండాల్సినవి ఉండాలి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, తయారైన తేదీ, నికర బరువు, ధర, చిరునామా, ఆకుపచ్చ చుక్క లాంటివి. అవి లేకుండా ప్రచారం పెంచితే తప్పు దొరికినప్పుడు ఆ ప్రచారమే మీ మీద సాక్ష్యం చెబుతుంది.

ముందు ఇరవై మంది

సంక్రాంతి అమ్మకానికి పని శ్రావణంలో మొదలుపెట్టాలి. మొదటి నెల పేజీలో ఆటలేమీ వద్దు. ఇరవై మంది పేర్లు కాగితం మీద రాయండి. సొంత అక్కచెల్లెళ్లు, బావమరుదులు ఇందులో ఉండొద్దు. వాళ్లు ఎట్లాగూ బాగుందనే అంటారని ఊరందరికీ తెలుసు. మీకు కావాల్సింది పదిమంది సలహా అడిగే మనుషులు. ‘ఏ డాక్టర్ దగ్గరికి పోవాలె, పిల్లను ఏ కాలేజీల వెయ్యాలె, బ్లౌజు ఎవలు మంచిగ కుడతరు’ అని నలుగురూ వెళ్లి ఎవరిని అడుగుతారో వాళ్లు.

అట్లాంటి వాళ్లు ఎక్కడ దొరుకుతారో వెతకనక్కర్లేదు. బ్లౌజులు కుట్టే అక్క దగ్గరికి వారానికి ముప్పై నలభై మంది ఆడవాళ్లు వస్తారు, కూర్చుని మాట్లాడతారు. మహిళా సంఘాల లెక్కలు చూసే వివోఏకు ఊళ్లో ప్రతి గడపా తెలుసు. బ్యూటీ పార్లర్, ట్యూషన్ చెప్పే టీచరమ్మ, పాలకేంద్రం దగ్గర లెక్క రాసే ఆయన కూడా అంతే. వీళ్లతోపాటు ఊరు విడిచి పోయినవాళ్లలో కనీసం ఐదుగురు ఉండాలి. నల్లగొండ వైపు వాళ్లు ఎల్బీ నగర్, వనస్థలిపురం చుట్టుపక్కల ఉంటారు. నేత పనివాళ్లు భివండి, సూరత్, షోలాపూర్‌లో ఉంటారు. పాలమూరు నుంచి పుణె, ముంబై మేస్త్రీ పనులకు పోయిన కుటుంబాలు ఉన్నాయి. పండుగకు రాలేకపోయిన మనిషికి ఊరి సకినం మీద ఉండే మమకారం ఊళ్లో ఉన్నవాళ్లకు ఉండదు. పెద్ద ఆర్డర్లు ఎక్కువగా అటునుంచే వస్తాయి.

ఒక్కొక్కరికి 100 గ్రాముల పొట్లాలు మూడేసి ఇవ్వండి. ‘ఒకటి మీరు తినండి. రెండు మీకు మనసైనోళ్లకు ఇయ్యండి’ అని మాత్రమే చెప్పండి. ఎవరికి ఇవ్వాలో మీరు చెప్పొద్దు. కిటుకంతా ఆ రెండు పొట్లాల్లోనే ఉంది. మీ చేతి నుంచి పోయే పొట్లం శాంపిల్, ఆమె చేతి నుంచి పోయే పొట్లం పెట్టుబోత. తిన్న మనిషి ‘యాడ తెచ్చినవ్?’ అని ఆమెనే అడుగుతుంది. ఇరవై మందికి 300 గ్రాముల చొప్పున 6 కిలోలు పడుతుంది. కిలో తయారీకి మీకు 300 రూపాయలు పడితే ఖర్చు 1,800. ఆ డబ్బుతో పోస్ట్ బూస్ట్ చేస్తే సకినం ఎన్నడూ తినని వాళ్ల దగ్గరికి కూడా పోతుంది.

మూడో రోజు ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు. ‘ఎట్లున్నయి?’ అని అడిగితే మన దగ్గర ఎవరైనా ‘మంచిగున్నయి’ అనే అంటారు, మొహమాటం. ‘ఏం తక్కువైంది? వాము చాలిందా? నువ్వులు? పంటికి గట్టిగ తగిలినయా?’ అని విడదీసి అడగాలి. సకినం గట్టిగా ఉందంటే సుట్టేటప్పటికే పిండి తడి ఆరిపోయిందని, లేదా బట్ట మీద ఎక్కువసేపు ఎండిందని అర్థం. నూనె పీల్చిందంటే తడి ఎక్కువున్నప్పుడే మూకుట్లో వేశారు. ఈ తేడాలు సరిచేసి, తరువాతి వాయి నుంచి అదే మనిషికి ఇంకో పొట్లం పంపి ‘మీరు చెప్పినట్టు వాము పెంచినం, చూడుండ్రి’ అనండి. ఆ రోజు నుంచి ఆ సకినాలు సగం ఆమెవి. కామెంట్లో ఎవరైనా అడిగితే ఆమె ఊరుకోదు.

వీళ్లకు కమీషన్ ఇవ్వొద్దు. ఆర్డరుకు 50 రూపాయలు అనగానే మనిషి మాట మారుతుంది, వినేవాళ్లకు ఆ తేడా రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. పండక్కి ఒక కిలో డబ్బా, పసుపు కుంకుమ పెట్టి ఇచ్చిరండి, చాలు. డబ్బు గానీ ఫ్రీ సరుకు గానీ తీసుకుని ఎవరైనా మీ గురించి పోస్టు పెడితే మాత్రం ఆ సంగతి ఆ పోస్టులోనే రాయాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఫ్రీగా ఇచ్చిన వస్తువును కూడా ఇందులో లెక్కేస్తాయి. ‘వీళ్లు నాకు ఊరికే ఇచ్చిండ్రు’ అని మొదటి లైనులో ఉంటే నమ్మకం ఏమీ తగ్గదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఇరవై మందినీ ఒకే బజారు నుంచి, ఒకే చుట్టరికం నుంచి ఎంచుకుంటారు. అప్పుడు ఇరవై మాటలూ ఒకే చోట తిరుగుతాయి. రెండోది, గూగుల్ రివ్యూ రాస్తే అర కిలో ఫ్రీ అంటారు. బహుమతి ఇచ్చి రివ్యూ రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, అట్లాంటివి తీసేస్తారు. ఉన్న నిజమైన నాలుగూ వాటితో కలిసి పోతే ఇంకా నష్టం.

నంబరు సేవ్ కావాలి

వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, ఇంటి నంబరు కాకుండా వేరే సిమ్‌తో. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చవచ్చు. కానీ మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. స్టేటస్ కూడా అంతే, ఇద్దరి దగ్గరా ఇద్దరి నంబర్లు ఉండాలి. 256 మందికి పంపాననుకుని సంబరపడేవాళ్లకు నిజంగా చేరేది అరవై డెబ్బై మందికే కావచ్చు. అందుకే ప్రతి ఆట వెనుక అసలు పని నంబరు సేవ్ చేయించడం. లైకులు, ఫాలోవర్లు దాని తరువాతే.

ఏ పేరుతో సేవ్ చేసుకోవాలో మీరే చెప్పాలి. పొట్లం మీద, పేజీ మీద, డబ్బా మూత మీద ఒకటే మాట ఉండాలి: ‘ఫోన్ల సకినాలక్క అని రాసుకోండ్రి’. పెద్ద బ్రాండ్ పేరు పెట్టుకుంటే మీకు గర్వంగా ఉంటుంది గానీ, మూడు నెలల తరువాత పండుగ ముందు ఆమె ఫోన్లో వెతికేది ‘సకినాలు’ అనే. ఆ మాటకు మీ నంబరు పైకి రావాలి.

గ్రూపు తెరవొద్దు. గ్రూపంటే రెండో రోజుకు గుడ్ మార్నింగ్ పువ్వులు, నాలుగో రోజుకు రాజకీయాలు. ఒక డబ్బాలో నాలుగు సకినాలు విరిగితే ఆ ఫోటో అందరూ చూస్తారు. బ్రాడ్‌కాస్ట్‌లో జవాబు మీకొక్కరికే వస్తుంది. ఆ జవాబులకు నాలుగు లేబుళ్లు పెట్టుకోండి: అడిగిండ్రు, పైసలొచ్చినయ్, పార్సిల్ పోయింది, మళ్లా అడగాలె. నాలుగో లేబులే మీ ఆస్తి. వారానికి రెండు బ్రాడ్‌కాస్ట్‌లు దాటితే జనం బ్లాక్ చేస్తారు. రిపోర్టులు పెరిగితే నంబరే మూతపడుతుంది. అడగకుండా ఎవరినీ లిస్టులో చేర్చొద్దు, ముఖ్యంగా యూపీఐ కొట్టినప్పుడు కనిపించిన నంబర్లను.

ఆట ఎట్లా ఉండాలి

మంచి ఆటకు జవాబు బొటనవేలితో ఒక్క మాటలో కొట్టగలగాలి. చూసిన ఐదు సెకన్లలో అర్థం కావాలి. జవాబు మరునాడే చెప్పాలి, అప్పుడు రెండుసార్లు వస్తారు. ఆటలో మీ సరుకు, చేసే చెయ్యి కనిపించాలి. వేరే పేజీలో చూసిన మీమ్‌కు మీ లోగో అంటిస్తే నవ్వుతారు, మిమ్మల్ని మరిచిపోతారు.

లెక్క ఆట తీసుకుందాం. సరిగ్గా ఒక కిలో సకినాలు తూచి, ఒక్కొక్కటి లెక్కపెట్టి, ఆ సంఖ్య చీటీ మీద రాసి కవర్లో పెట్టి అంటించండి. సకినాలను వెడల్పాటి చాటలో పరిచి, పక్కనే ఆ కవరు పెట్టి పైనుంచి ఫోటో తీయండి. ట్యూబులైటు కింద తీస్తే పాలిపోయి కనిపిస్తాయి. పొద్దున తొమ్మిది లోపు వాకిట్లో నీడపట్టున తీయండి, నువ్వులు గింజ గింజ కనబడతాయి. రాత: ‘గీ చాటల కిలో ఉన్నయ్. ఎన్ని సకినాలు? లెక్క వాట్సాప్ల పంపుండ్రి, రేపు పొద్దుగూకినంక కవరు ఇప్పుతం’. మరునాడు కవరు విప్పే వీడియో, ఒకే షాట్‌లో, కట్ లేకుండా. మధ్యలో కట్ చేస్తే ‘చీటీ మార్చిండ్రు’ అనేవాళ్లు తయారుగా ఉంటారు. ముందు రోజే లెక్కపెట్టి కవర్లో పెట్టడంలో ఇంకో లాభం ఉంది. కిలోకు ఎన్ని వస్తాయో ఇరవై సార్లు అడిగే ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది.

చప్పుడు ఆటకు ఖర్చే లేదు. ఫ్యాను, టీవీ ఆపి, ఫోన్‌ను జానెడు దూరంలో పెట్టి, మురుకు, సర్వపిండి, సకినం వరుసగా విరవండి. తెర మీద బొమ్మ ఉండదు, నల్లగా ఒక ప్రశ్న మాత్రం: ‘రెండోది ఏంది?’ సర్వపిండి చప్పుడు మెత్తగా, మొద్దుగా వస్తుంది. దాన్ని పట్టినవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, ఇంట్లోవాళ్లకు వినిపిస్తారు. ఈ ఆటలో పాట పెట్టొద్దు. అసలు బిజినెస్ ఖాతాకు సినిమా పాటల హక్కులు పూర్తిగా ఉండవు, రీలు మూగబోతుంది. మీ వంటింటి చప్పుడు మీది.

పేర్ల పంచాయితీ అన్నిటికంటే ఎక్కువ కామెంట్లు తెస్తుంది. ఒకే వంటను ఒకింట్లో సర్వపిండి అంటారు, ఇంకో ఇంట్లో గిన్నప్ప, మరో ఇంట్లో తపాలచెక్క. గరిజెలను కర్జలు అనేవాళ్లూ ఉన్నారు. ‘మీ ఊళ్లె ఏమంటరు? ఊరి పేరు గూడ రాయుండ్రి’ అని అడగండి. ఊరి పేరు అడగడం ఊరికే కాదు. ఆ కామెంట్లను మండలాలవారీగా రాసుకుంటే మీ పోస్టు ఎక్కడిదాకా పోతోందో తెలుస్తుంది. దేవరకొండ నుంచి ముప్పై మంది రాసి అక్కడినుంచి ఒక్క ఆర్డరూ లేదంటే, ఆ ఊళ్లో మీ తరఫున చెప్పే మనిషి లేదు. తరువాతి మూడు పొట్లాలు అక్కడికి.

పొడుపు కథ స్టేటస్‌లో బాగా నడుస్తుంది, ఎందుకంటే స్టేటస్ 24 గంటలే ఉంటుంది. పాతవి అందరికీ తెలుసు, కొత్తగా కట్టండి: ‘నూనెల మునుగుతది గని ఈత రాదు, సుట్లు సుట్టుకుంటది గని పాము గాదు’. రాసిన యాసను మీ ఊరి పెద్దమనిషితో ఒకసారి చదివించండి. టీవీ కామెడీ యాస ఒకటి ఉంది, అది ఏ ఊరిదీ కాదు. ప్రతి మాటకు ముందు ‘గ’ తగిలిస్తే తెలంగాణ కాదు. నల్లగొండ పలుకుబడి వేరు, గద్వాల అంచున పలుకుబడి వేరు, చెవి ఉన్నవాళ్లు పట్టేస్తారు.

బహుమతుల దగ్గర జాగ్రత్త. ‘కిలో కొంటే లక్కీ డ్రా’ జోలికి పోవద్దు. అమ్మకం పెంచుకోవడానికి లాటరీలు, పోటీలు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, ఫలితం ప్రకటించకుండా దాచడాన్ని కూడా. కొనడంతో ముడిపెట్టకుండా, డబ్బు తీసుకోకుండా, సరదాకే ఆడించండి. గెలిచినవాళ్ల పేరు, ఊరు వాళ్లను అడిగి స్టేటస్‌లో పెడితే అదే పెద్ద బహుమతి. ‘మీ గోడ మీద షేర్ చేస్తేనే పోటీలో ఉన్నట్టు’ అనే షరతును ఫేస్‌బుక్ ఒప్పుకోదు.

బతుకమ్మ తొమ్మిది రోజులు

ఏడాదిలో సరదా ప్రచారానికి ఇంతకంటే అనువైన రోజులు లేవు, ఎందుకంటే పండుగే రోజుకొక పేరుతో, రోజుకొక నైవేద్యంతో వస్తుంది. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానే బియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. తొమ్మిది పోస్టుల ప్రణాళిక మీకు పెద్దలే రాసి పెట్టారు.

మొదటి ఐదు రోజులూ రోజుకొక చిన్న ప్రశ్న, ఆ రోజు పెట్టే నైవేద్యం మీద. జవాబులు మీరు చెప్పొద్దు. ఇరవై మందిలో ఎవరింట్లో ఆ రోజు ఎట్లా చేస్తారో వాళ్ల గొంతుతో పదిహేను సెకన్లు అడిగి పెట్టండి, మొహం చూపడం ఇష్టం లేకపోతే చేతులు చాలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, నైవేద్యం ఉండదు. ఆ రోజు పేజీ కూడా అలగాలి. ఖాళీ చాట ఫోటో ఒకటి, ‘ఇయ్యాల అలిగినం’ అని ఒకే మాట. ఆర్డర్లు తీసుకోవద్దు, ఫోన్ ఎత్తితే నవ్వుతూ ‘రేపు మాట్లాడుతా వదినా’ అనండి. బతిమాలే కామెంట్లు వాటంతట అవే వస్తాయి. మన పండుగ తెలిసినవాళ్లకే అర్థమయ్యే సరదా ఇది. ఏడో రోజు వేపకాయల ఆకారంలో చేసిన వంటతో తిరిగి రండి. సద్దుల ముందు రోజు మలీద ముద్దల ఆర్డర్లు మూసేయండి. కొన్ని ఊళ్లలో సద్దుల రోజు వేరుగా ఉంటుంది, పార్సిల్ తేదీ రాసుకునే ముందు ‘మీ ఊళ్లె సద్దులు ఎప్పుడు?’ అని అడగడం మరవొద్దు.

ఆడేవాళ్ల వీడియోలు తీసేటప్పుడు అడిగి తీయండి. చిన్నపిల్లల మొహాలు ఉంటే తల్లిని అడగాలి. ఈ ఒక్క మర్యాద తప్పితే ఏడాది సంపాదించుకున్న పేరు ఒక సాయంత్రంలో పోతుంది.

జాతరలది వేరే లెక్క. కురుమూర్తి, చెర్వుగట్టు, పెద్దగట్టు జాతరల్లో లక్షల జనం, నెట్‌వర్క్ మాత్రం ఉండదు. క్యూఆర్ కోడ్ బ్యానర్లు కట్టినవాళ్లు మరునాడు చూసుకుంటే స్కానులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ నంబరు పది అడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా రాసి, చేతిలో ఒక సకినం పెట్టి పంపాలి. దేవుడి బొమ్మ పొట్లం మీద వేయొద్దు, తిన్నాక అది నేల మీద పడి కాళ్ల కింద నలుగుతుంది. లీడర్లు వచ్చి తిన్న ఫోటో కూడా వద్దు. ఒక జెండావాళ్లు మురిస్తే ఇంకో జెండావాళ్లు ముఖం తిప్పుకుంటారు, సకినాలకు ఆ గొడవ ఎందుకు?

యాస రీళ్ల పేజీలతో బేరం

మన యాసలో రీళ్లు చేసే పేజీలకు డబ్బిచ్చి ప్రచారం చేయించుకునేవాళ్లు ఫాలోవర్ల సంఖ్య చూసి మోసపోతారు. ఆ పేజీ ఇన్‌సైట్స్‌లో చూసేవాళ్లు ఏ ఊళ్లవాళ్లో కనిపిస్తుంది, ఆ స్క్రీన్‌షాట్ అడగండి. ఇవ్వనంటే వేరే పేజీ చూసుకోండి. చివరి పది రీళ్ల కింద కామెంట్లు చదవండి. అన్నీ ‘సూపర్ అన్నా’, మంట బొమ్మలే అయితే వాళ్లకు చూసేవాళ్లు ఉన్నారు గానీ వినేవాళ్లు లేరు. ఎనిమిది వేల మందే ఉన్నా, ‘అన్నా, అచ్చంపేటల గిది దొర్కుతదా?’ అని జనం అడిగే పేజీ మేలు.

బేరం వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి: ఒక కొలాబ్ రీలు (రెండు పేజీల్లోనూ కనిపించేది), రెండు స్టోరీలు, ఏ తేదీన, ఎన్ని నెలలు తీసేయకుండా ఉంచాలి, ముందు సగం డబ్బు, పోస్టు పడ్డాక సగం, పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ తప్పనిసరి. డైలాగులు మీరు రాసివ్వొద్దు. మీ సరుకు వాళ్లింటికి పంపి, వాళ్ల అమ్మకో నాయనమ్మకో తినిపించి ఆమె ఏమంటే అదే పెట్టమనండి. ‘మా కాలంల ఇంకింత పలుచగ సుట్టేది’ అని ఆమె విసుక్కుంటే దాన్ని తీసేయమని అడగకండి. ఆ విసురు ఉంటేనే మిగతా మెచ్చుకోలు నిజమనిపిస్తుంది.

ఆర్డర్లు మీద పడితే

నడవని ప్రచారమే కాదు, బాగా నడిచిన ప్రచారం కూడా ముంచుతుంది. సకినం చేత్తో సుట్టాలి, తడిపిండి ఆ రోజే అయిపోవాలి, రేపటికి దాస్తే పులుస్తుంది. అందుకని ఆట మొదలుపెట్టే ముందు చేతులు లెక్కపెట్టండి. నలుగురు, ఒక్కొక్కరు రోజుకు 4 కిలోలు అనుకుందాం. డిసెంబరు 25 నుంచి జనవరి 11 దాకా 18 రోజులు. 16 కిలోల చొప్పున 288. విరిగేవి, మాడేవి, ఒంట్లో బాగలేని రోజులు కలిపి వందకు 15 తీసేస్తే 245 కిలోలు. అందులో 60 ఆ ఇరవై మంది పేరు మీద పక్కన పెట్టండి. వాళ్లు చెప్పి పంపినవాళ్లకు ‘అయిపోయినయి’ అనే మాట వినపడకూడదు. మిగిలిన 185 కిలోలకే బయట ప్రచారం. 150 దాటగానే స్టేటస్‌లో రాయాలి: ‘35 కిలోలే ఉన్నయ్’. అది నిజమైన లెక్క అయి ఉండాలి. రోజూ ‘ఆఖరి పది కిలోలు’ అనేవాళ్లను మూడో రోజు ఎవరూ నమ్మరు.

పార్సిల్‌కు ఆర్టీసీ కార్గో మన జిల్లాలకు సౌకర్యం, బస్టాండ్ నుంచి బస్టాండ్‌కు పోతుంది. సకినాలను కవర్లో పోసి కడితే పిండి చేరుతుంది. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, వరుస వరుసకూ కాగితం వేసి, మూత కింద ఖాళీ లేకుండా నింపండి. మూత పెట్టి ఊపితే చప్పుడు రావొద్దు. తొక్కు సీసానైతే రాత్రంతా తలకిందులుగా పేపరు మీద పెట్టి చూడండి. నూనె మరక కనిపిస్తే ఆ మూతలు వాడొద్దు.

తప్పు జరిగిన రోజు

ముక్కిన వాసన వచ్చిందని, విరిగాయని ఎవరైనా అందరూ చూసేచోట రాస్తే, అక్కడే ఒక్క లైను: ‘తప్పు మాదే అయ్యుంటది అక్కా, ఇప్పుడే ఫోన్ చేస్తున్నం’. అరగంటలో చేయండి. ఆ కామెంటు తీసేయొద్దు, దాని కింద జోకు వేయొద్దు, మీ ఇరవై మందిని దాని మీదికి ఉసిగొల్పొద్దు. ఒకామెను పదిమంది చుట్టుముట్టినట్టు కనిపిస్తే చూసేవాళ్లు ఆమె వైపు పోతారు. ప్రతి వాయి నుంచి 100 గ్రాములు తేదీ రాసి మీ దగ్గర దాచి ఉంచండి. ఫిర్యాదు వచ్చిన తేదీ పొట్లం విప్పి మీరు తిని చూస్తే తప్పు నూనెదా, దారిదా అన్నది వెంటనే తెలుస్తుంది. నూనెదైతే ఆ వాయి కొన్న అందరికీ వాళ్లు అడగకముందే మీరే ఫోన్ చేయాలి. ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఏ రీలూ తేలేనంత పేరు అట్లా వస్తుంది.

సరదా ఆపాల్సిన రోజులూ ఉంటాయి. హైవే మీద బస్సు బోల్తా పడ్డ రోజు, వడగండ్లకు వరి నేలకొరిగిన రోజు, ఊళ్లో పెద్ద చావు జరిగిన రోజు. ముందే షెడ్యూల్ చేసి పెట్టిన పోస్టులు ఆ పూట కూడా వాటంతట అవే పేజీలో పడిపోతాయి. పొద్దున్నే వార్తలు చూశాకే ఆ రోజు పోస్టు వదిలేలా ఇంట్లో ఒకరికి పని అప్పజెప్పండి.

నోటుబుక్కు

ఫోన్లో కనిపించే అంకెలు చాలవు. ఆర్డర్ తీసుకునే ప్రతిసారీ ఒక మాట అడగాలి: ‘మా గురించి ఎవలు చెప్పిండ్రు?’ పేరు, ఊరు, కిలోలు, ఎవరు చెప్పారు, ఈ నాలుగు గళ్లు చాలు. నాలుగో గడిలో ‘రీలు చూసినం’ అని ఉంటే ‘రీలు చూసినంక ఎవలనన్న అడిగిండ్రా?’ అని ఇంకోసారి అడగండి. చాలాసార్లు అక్కడ ఒక టైలరక్క పేరు వస్తుంది.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఆ పుస్తకం తీసి ఆ ఇరవై పేర్ల పక్కన ఎన్ని కిలోలు వచ్చాయో రాయండి. నలుగురైదుగురి పేరు మీదనే సగానికి పైగా కనిపించవచ్చు. వాళ్లింటికి స్వయంగా వెళ్లండి, ఏం విరిగింది, ఏం ఆలస్యమైంది, ఎవరు ఏమన్నారు అని అడిగి అక్కడే రాసుకోండి. సున్నా ఉన్న పేర్లలో ఓ ఐదింటిని వదిలేసి, కామెంట్లు వచ్చి ఆర్డర్లు రాని ఊళ్ల నుంచి ఐదు కొత్త పేర్లు చేర్చండి. మామిడికాయ తొక్కు పెట్టే రోజులకు వాళ్ల పొట్లాలు వాళ్లకు చేరాలి.